రెండిళ్ల మధ్య మాట

“తోట ఎండిపోతే ఎండిపోనీ! వాని గడప మాత్రం నేను తొక్కను,” అంటూ ఆదెన్న పళ్లెం ముందు నుంచి లేచాడు.

వనజాక్షి మామ చేతికి నీళ్ల చెంబు అందించింది. గార్లదిన్నె నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. భర్త గుంతకల్లు రైల్వేలో పని చేస్తూ ఆదివారాలు వచ్చిపోతుంటాడు. అత్త లేదు. మామకు ఎదురు చెప్పే మనిషే ఆ ఇంట్లో లేదు.

బెళుగుప్ప దగ్గరి ఆ ఊళ్లో ఆదెన్నవీ రంజాన్‌వీ చీనీ (బత్తాయి) తోటలు పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరూ కలిసి గట్టు మీద వేయించిన బోరే రెండు తోటలకూ ఆధారం. ఒక దినం ఒకరి వంతు, మరుదినం ఇంకొకరి వంతు. రెండువేల రెండులో వానలు పోయాయి. మరుసటి ఎండాకాలానికి బోరు ధార వేలెడంత అయింది. రంజాన్ వంతు నాడు ఆదెన్న వాల్వును తన తోటకు తిప్పుకున్నాడు. రంజాన్ టీకొట్టు ముందర అందరూ వింటుండగా “నీళ్ల దొంగ” అన్నాడు. ఆదెన్న అంతకంటే పెద్ద మాటే అన్నాడు. ఆనాటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. టీకొట్టు దగ్గర కూడా కొందరు ఈ పక్క, కొందరు ఆ పక్క కూర్చోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు బోరు గాలి కక్కుతోంది. ఇంకొన్ని పైపులు దించితే నీళ్లు అందుతాయని మెకానిక్ చెప్పాడు. ఇద్దరూ వచ్చి నిలబడితే తప్ప పైపు దించనని కూడా చెప్పాడు.

మరునాడు పొద్దున వనజాక్షి రంజాన్ వాళ్లింటికి వెళ్లింది. రంజాన్ లేడు. అతని భార్య అమీర్ బీ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

“మా మామ పంపినాడు అత్తా,” అంది వనజాక్షి. ఆ అబద్ధం చెప్తూ కొంగు చివర వేలికి చుట్టుకుంది. “వంతు తప్పింది నేనే, రంజాన్‌కు చానా నొచ్చింటుంది, చెప్పి రా పో అన్నాడు.”

అమీర్ బీ చేట పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూసింది.

“ఆదెన్న బావ అన్నాడా ఆ మాట?”

“ఊఁ.”

“మా ఇంటాయన తోట కాడికి పోయినాడు. రానీ, చెప్తా. రేపు రా తల్లీ.”

మరునాడు వనజాక్షి వాళ్ల గడప దాటకముందే అమీర్ బీ ఎదురొచ్చింది. “చెప్పినా. ‘దొంగ అనిన మాట నా నోట్లోనే తిరుగుతాండాది. కూడు సయించడం లేదు. అన్న మనసు ఎట్లుండాదో కనుక్కో’ అన్నాడు తల్లీ.”

వనజాక్షి కళ్లు చెమర్చాయి. ఆ మాట ఒక్క అక్షరం పోకుండా మామకు చెప్పింది. ఆదెన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

“రంజాన్ అట్లన్నాడా?”

“అమీర్ బీ అత్త చెప్పింది మామా.”

ఆయన వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. “నా చెట్లు వాడతాండాయని చూస్తిని గానీ, వాని చెట్లూ అట్లే ఉంటాయని ఆ పొద్దు తోచలేదు. నన్ను దొంగ అనినాడని ఇన్ని దినాలు మండిపడితి. అనిపించుకునే పని చేసింది నేనే గదా.”

“ఆ మాట ఆడ చెప్పేదా మామా?”

ఆదెన్న ఔననలేదు, కాదనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. వనజాక్షి మాత్రం చెప్పింది. ఈసారి కల్పించాల్సిన పని లేకపోయింది.

దానికీ అమీర్ బీ నుంచి జవాబు వచ్చింది. “మా ఇంటాయన మీ తోట చూసొచ్చినాడంట. మీ చెట్లే ఎక్కువ వాడినాయంట. నీళ్లు పడితే మొదట అన్నకే పారనీ అన్నాడు.”

అది విన్న ఆదెన్న చెప్పులు వేసుకుని నేరుగా బోరు దగ్గరికి నడిచాడు. ఏమవుతుందో అని వనజాక్షి వెనకే వెళ్లింది. రంజాన్ అక్కడే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆదెన్నను చూసి లేచి నిలబడ్డాడు.

“నువ్వు చెప్పి పంపిన మాటలన్నీ విన్నానప్పా,” అన్నాడు ఆదెన్న. “నేనే చిన్నోడినైపోతి.”

రంజాన్ తల వంచుకున్నాడు. ఒకసారి వనజాక్షి వైపు చూశాడు.

“నేనే అన్నా... నేనే ముందు నీ ఇంటికి రావాల్సిండె,” అన్నాడు చివరికి.

పైపులు దించారు. ధార ఎర్రగా వచ్చి, మెల్లగా తేటపడింది. “ముందు నీ చెట్లకు” అంటే “కాదు, నీ చెట్లకు” అని ఇద్దరూ వాల్వు దగ్గర పంతాలకు పోతుంటే మెకానిక్ విసుక్కుని తనే తిప్పేసి పోయాడు.

ఆ సంగతి ఊరంతా పాకింది. బోర్ల మీద తగాదా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే సాయంత్రాలు ఆ గట్టు మీదికి రాసాగారు. “ఒకరు చెప్పేది అయిపోయినంక ఇంకొకరు పలకాల. మాట పెరిగితే ఆ దినానికి ఇంటికి పోవాల” అనేవాడు ఆదెన్న. రంజాన్ ఎక్కువ మాట్లాడేవాడు కాదు కానీ, చివరిదాకా వినేవాడు. టీకొట్టు దగ్గర మళ్లీ అందరూ ఒకే పక్క కూర్చున్నారు.

తొలకరి పడింది. విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలవడానికి వనజాక్షి అమీర్ బీ వాకిట్లో కూర్చుంది. మామను అందరూ మెచ్చుకుంటున్న కొద్దీ ఆమెకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటోంది. ఇక ఉండబట్టలేకపోయింది.

“అత్తా, తిట్టుకోవద్దు. మా మామ నాతో ఏ మాటా చెప్పి పంపలేదు. తొలి మాట నేనే కల్పించినా.”

అమీర్ బీ ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

“మా ఇంటాయన మాత్రం యాడ పలికినాడు తల్లీ, అన్నీ నేను కల్పించి చెప్పినవే!”