పరామర్శలు

ఆపరేషన్ అయి పన్నెండు రోజులైంది. మంచం మీది ఆ మనిషిని చూస్తే ఎవరికైనా ముందు జాలేస్తుంది. పది నిమిషాలు అక్కడే కూర్చుంటే కంపరం పుడుతుంది.

గడ్డం మాసిపోయింది. బనియను మూడు రోజులది. దుప్పటి నిండా బిస్కెట్ పొడి. మంచం కింద నారింజ తొక్కలు, వాటి చుట్టూ చీమలు. కిటికీ తెరిస్తే వెలుగు కళ్ళలో పొడుస్తోందంటాడు. మూస్తే ఇక ఆ గదిలోకి అడుగుపెట్టలేం. మందుల వాసనా, చెమటా, తాగకుండా వదిలేసిన పాలూ కలిసి గుప్పుమంటాయి.

ఆయనకి బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. క్యాన్సర్ అన్న మాట చెవినపడ్డ రోజు షట్టర్ దించాడు. మళ్ళీ ఎత్తలేదు. భార్య పోస్టాఫీసులో గుమాస్తా. ఆవిడా నెలన్నర సెలవు పెట్టింది.

ఇంటికి పంపేటప్పుడు నర్సు ఓ కాగితం ఇచ్చింది. ఇలాంటి ఆపరేషన్ తరువాత మనసు దిగాలుపడటం మామూలేనట. అప్పుడేం చేయాలో అందులో అచ్చేసి ఉంది. రోజూ స్నానం చేసి ఉతికిన బట్టలు వేసుకోవాలి. పగలు మంచానికి అతుక్కుపోకూడదు. కాస్త నడవాలి. మనసులో ఉన్నది ఎవరో ఒకరికి చెప్పుకోవాలి. ఆవిడ దాన్ని అలమరా తలుపుకి అంటించి పొద్దున్నే ఆయనకి చదివి వినిపించేది.

"ఏమండీ, సందు చివరిదాకా నడిచొద్దాం రండి."

"నన్నిలా వదిలెయ్యవే. ఓపిక లేదు."

"పోనీ, వరండా దాకా."

"చెవుడా నీకు? లేదన్నానా?"

ఆవిడ ఒక్కతే వరండాలో పది చుట్లు తిరిగి, వంటింట్లోకి పోయేది.

రోజూ పదింటికి కట్టు మార్చాలి. గాయంలోంచి వచ్చే గొట్టానికి చివర ఓ చిన్న సీసా. అందులో చేరిన ఎర్రనీళ్ళు కొలిచి, ఎంతో కాగితం మీద రాసి, పారబోయాలి. అంతా ఆవిడే. టేపు పళ్ళతో కొరికి తెంపేది. అంతసేపూ ఆయన మొహం గోడకేసి తిప్పి, తువ్వాలు ముక్కుకి అదిమిపెట్టుకునేవాడు.

"ఛీ. ఎప్పుడు వదుల్తుందే ఈ దరిద్రం?"

"సోమవారం కుట్లతో పాటు గొట్టం కూడా తీసేస్తారటండీ."

పన్నెండు రోజుల్లో ఆయన ఆ గాయం వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కసారంటే ఒక్కసారి. ఆ పని అయ్యాక ఆవిడ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పేది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చేది.

శనివారం ఆయన అక్కగారు దిగబడింది. పళ్ళబుట్ట తమ్ముడి తలదగ్గర పెట్టి, చెయ్యి పట్టుకుని ముక్కు చీదింది.

"ఏ పాపం చేశావురా తమ్ముడూ, నీకే ఇంత కష్టం రావాలా? చూడు, సగమైపోయావు."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే ద్రాక్షగుత్తి ఖాళీ చేశాడు. గింజలు దుప్పటి మీదే ఉమ్మాడు.

టీ తెచ్చిన మరదల్ని అక్కగారు ఎగాదిగా చూసింది.

"ఆ మగాడి చొక్కా ఏమిటమ్మా? నలుగురొచ్చే ఇల్లు. నువ్విలా పీనుగులా తిరుగుతుంటే వాడికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటి ఇల్లాలివి, కాస్త నవ్వుతూ ఉండు."

"అలాగే వదినా."

"టీలో పంచదార వెయ్యలేదా ఏమిటి?"

పై అరలో ఉన్న పంచదార డబ్బాని ఆవిడ ఎడమచేత్తో నానాతంటాలు పడి దించింది. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు.

ఆ సాయంత్రమే పక్క దుకాణం చెప్పులాయన వచ్చాడు. వచ్చి, కళ్ళు తుడుచుకుని, ఇంత మాట అన్నాడు.

"నేనైతే ఈపాటికి పిచ్చెక్కిపోయేవాణ్ణి గురూ. నీది గుండె కాదు, బండ."

బండగారు దుప్పటి మొహం మీదికి లాక్కుని మూలిగారు. చెప్పులాయన లేచి వెళ్ళేటప్పుడు ఇంటావిడకి కూడా ఓ సలహా పారేశాడు, ఆయన్ని కనిపెట్టుకుని ఉండమని.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రేపు డాక్టరుగారు ఇద్దర్నీ రమ్మన్నారు. తీసిన గడ్డ రిపోర్టు చెబుతారట. జబ్బు ఇంకా ఎక్కడైనా మిగిలిందో లేదో రేపు తేలిపోతుంది."

"నేను రాను."

"ఈ ఒక్కరోజుకి లేవండి. నాకు చాలా భయంగా ఉంది."

"నీకేనా భయం? నా సంగతి ఆలోచించావా? ఆ ఆసుపత్రి వాసన తలుచుకుంటేనే కడుపులో దేవుతోంది. వాళ్ళు చెప్పే మాట నా చెవులతో నేను వినలేను. నువ్వే వెళ్ళి కనుక్కునిరా."

"మరి కుట్లు?"

"అవన్నీ నాకు చెప్పకు. డోకొస్తుంది."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక. ఆవిడ లేచి, మంచం కింది తొక్కలు ఒక్కొక్కటే ఏరి చెత్తబుట్టలో వేసింది.

సోమవారం పొద్దున ఆవిడ ఆయనకి టీ ఇచ్చి, మధ్యాహ్నానికి అన్నం వండి మూతపెట్టి, రొమ్ము తీసేసిన చోట తనకి వేసిన కుట్లు విప్పించుకోవడానికి ఒక్కతే బస్సెక్కింది.