సిక్ లీవు ఫొటో

మా కాలేజీలో సిక్ లీవుకి డాక్టరు చీటీ చెల్లదు. దొంగ చీటీలు ఎక్కువయ్యాయట. ఫొటో కావాలి, అది కూడా క్యాంపస్ ఫొటోగ్రాఫర్ తీసిందే కావాలి. ఆ ఫొటోగ్రాఫర్ని నేనే. సెకండియర్లో నన్ను ఎంపిక చేసిన రోజు మెడలో కెమెరా వేసుకుని హాస్టలంతా తిరిగాను కూడా.

ఇప్పుడొచ్చే కెమెరాలన్నీ మనుషుల్ని బాగుచేసే తీస్తాయి. మొటిమ ఉండదు, చెమట ఉండదు. వద్దన్నా వినవు.

నా రూమ్మేట్ సువార్తకి కామెర్లొచ్చాయి. కళ్ళు పసుపు రాసినట్టున్నాయి. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ కళ్ళు తెల్లగా, బుగ్గలు ఎర్రగా వచ్చాయి. మూడోది చాలా అందంగా వచ్చింది, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

చివరికి సువార్తనే పట్టుకుని వార్డెన్ దగ్గరికి నడిపించాను. ఆమె సువార్తని చూసింది, తర్వాత కెమెరా స్క్రీన్ చూసింది.

"ఫొటోలో శుభ్రంగా ఉంది కదమ్మా!"

"మనిషి ఎదురుగానే ఉంది కదా మేడమ్, చూడండి!"

"నేను చూశానని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. పరీక్షలయ్యాక ఇంటికి వెళ్దువుగానిలే సువార్తా, మజ్జిగ తాగు."

ఇంకా రెండు పరీక్షలుండగానే సువార్త పోయింది.

సంతాప సభలో ఆ మూడో ఫొటోకే దండ వేశారు. వాళ్ళమ్మ దాని ముందు చాలాసేపు నిలబడి, వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే తీశావంటగా అమ్మా. మొన్ననేగా తీసింది? ఇంత బాగున్న పిల్ల ఎట్టా పోయింది?"