జారని నేల

ఇంట్లో మనిషిని గదిలోంచి కదిలించడానికి మంచినీళ్ళు అడగటాన్ని మించిన ఉపాయం లేదని జారుడి నమ్మకం. ఎవరి చేతికీ చిక్కకుండా జారిపోతాడని అతనికి ఆ పేరు. వాళ్ళు నీళ్ళకని అటు వెళ్ళగానే బీరువా తెరవటం, చేతికందింది సంచీలో వేసుకోవటం, గ్లాసుతో తిరిగొచ్చేసరికి మెట్లు దిగిపోవటం. అంతే పని.

ఈమధ్య మాత్రం చేతికేదీ తగలటం లేదు. "ఇంక ఏదైనా ఒళ్ళొంచే పని చూసుకో బావా" అని బావమరిది దెప్పటం మొదలెట్టాడు. జారుడికి లోకంలో భయమున్నది ఆ ఒక్క మాటకే. ఇవాళ ఖాళీ సంచీతో ఇంటికి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకుని బయలుదేరాడు.

నిన్న ఈ అపార్టుమెంటు ముందు ట్రాలీ ఆటో ఆగి, ఎవరో కొత్తగా కొనుక్కున్న మూడో అంతస్తు ఫ్లాటులోకి నేల మీద పరిచే వినైల్ పలకల పెట్టెలు చేరుస్తుంటే వీధి మలుపులో నిలబడి చూశాడు. పొద్దున ఆ ఇంటి కొడుకూ కోడలూ ఆఫీసులకి, పిల్ల బడికి పోవటం కూడా చూశాడు. మేస్త్రీలా కనబడటానికి ఒక కొలిచే టేపూ, గీకే బ్లేడూ సంచీలో పడేసుకుని బెల్లు కొట్టాడు.

"ఎవరూ?" గొలుసు తియ్యకుండానే తలుపు సందులో ఒక కన్ను కనిపించింది.

"ఫ్లోరింగ్ మేస్త్రీనమ్మా. నేల వెయ్యటానికి వచ్చాను."

ఆ కన్ను అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఒకసారి లోపల గోడ పక్కన పేర్చిన పెట్టెల వైపు తిరిగింది. మళ్ళీ అతని మీదికొచ్చింది. పెద్దావిడ గొలుసు తీసింది.

"ఇవాళే వచ్చేశావా బాబూ! రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదనుకో. ఇది జారుతుందా?"

"జారదమ్మా."

"షాపువాడూ అదే అన్నాడు. వాడిదేం పోయింది? నీళ్ళు ఒలికితే? మనవరాలు ఇంట్లో పరుగే గానీ నడక ఎరగదు. పడితే పళ్ళు రాలవూ? నున్నటి రకం వద్దురా అని మా వాడితో పోట్లాడి, షాపులన్నీ కాళ్ళరిగేలా తిరిగి ఈ గరుకు రకం తెచ్చాను. వాసన కొడుతుందా? ఆ వాసనకి ఊపిరాడకపోతే? అగ్గిపుల్ల పడితే అంటుకుంటుందా?"

అన్నిటికీ "లేదమ్మా" అనేశాడు జారుడు. ఇంత భయస్తురాలు దొరకటం తన అదృష్టం అనుకుని, "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు.

"అయ్యో, దానికేం!" పక్కనే స్టూలు మీదున్న నిండు సీసా తీసి ఆవిడ అతని చేతికిచ్చింది.

ఉపాయం నీరుగారిపోయింది. ఏం చెయ్యాలో తోచక ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు.

"వాటిని ముట్టుకోకు!" ఆవిడ కేకకి అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ముందు నేల మీది పాత షీటు లేపాలిగా. కింద జిగురంతా గీకాలి. ఎక్కడ కాస్త మిగిలినా పలక పైకి తేలుతుందిట. దానికి కాలు తట్టుకుని నేను మంచాన పడితే నా మొహం ఎవరు చూస్తారు?"

పలకలు ఎలా వేస్తారో తెలియని జారుడికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. గీకటానికేముంది, కాసేపు గీకినట్టు నటిస్తే సరిపోతుంది.

ఆవిడ నటించనిస్తేగా! కుర్చీ వేసుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. గీకిన చోటల్లా వంగి అరిచేత్తో తడిమి, "ఇదిగో, ఇక్కడ గరగరమంటోంది" అంది. హాలు పూర్తయ్యేసరికి అతని మోకాళ్ళు మంటలెత్తాయి. పడకగదిలో బీరువా అడ్డమొచ్చింది. జారుడు ఎన్నో బీరువాలు ఖాళీ చేశాడు గానీ ఒక్కదాన్నీ మొయ్యలేదు. "మెల్లిగా నాయనా, మీద పడితే అప్పడమైపోతావు" అని ఆవిడ పక్కనుంచి వణికిపోతుంటే, భుజం ఆనించి ఈ గోడ నుంచి ఆ గోడకి తోశాడు.

అప్పుడు ఆవిడ మంచం కిందినుంచి ఒక రేకు డబ్బా రెండు చేతులా ఎత్తి, ఆయాసపడుతూ బీరువాలో పెట్టింది. తాళంచెవి తిప్పి, తియ్యటం మరిచిపోయింది.

"అందులో ఏముందని అడక్కు బాబూ. మనుషుల్ని నమ్మే రోజులు కావివి."

జారుడి నొప్పులన్నీ ఎగిరిపోయాయి. కొత్త ఉత్సాహంతో గీకాడు.

ఇంతలో ఫోను మోగింది. "మళ్ళీ మీరేనా? ఎన్నిసార్లు చేస్తారండీ! మీ వస్తువు మాకెందుకు? ఇవాళ మనిషి చేత పంపించేస్తాను" అని ఆవిడ విసుక్కుని పెట్టేసింది.

పడకగది మూలలో ఆఖరి జిగురు మరక కూడా పోయాక పెద్దావిడ ఒక్క ఉదుటున లేచింది. "అయ్యో, నా మతి మండా! పొయ్యి కట్టేశానో లేదో! ఇల్లు పేలిపోతే?" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

జారుడు తాళంచెవి తిప్పాడు. డబ్బా సంచీలో పడింది. బరువుగా ఉంది, అంటే సరుకు గట్టిదే!

"బ్లేడు మొండిదైపోయిందమ్మా, ఇంకోటి తెచ్చుకుంటా!"

"మెట్ల మీద జాగ్రత్త నాయనా, పడతావు!" లోపలినుంచి గొంతు వినిపించింది.

గేటు దాటగానే అతని నడుం ఇంక నిలవనన్నది. బావమరిది మొహం ఎలా మాడిపోతుందో తలుచుకుంటూ ప్రహరీగోడ పక్కన చతికిలబడి డబ్బా మూత తీశాడు.

నిండా వినైల్ ముక్కలు. చెక్క రంగువి, బూడిద రంగువి, నున్నటివి, గరుకువి. ప్రతిదాని వెనకా షాపువాళ్ళ స్టిక్కరు.

తలెత్తి చూశాడు. మూడో అంతస్తు బాల్కనీలోంచి పెద్దావిడ చెయ్యి ఊపుతోంది.

"పెట్టెలు రెండ్రోజులు గదిలో పడుంటే గానీ ముట్టుకోనన్న అసలు మేస్త్రీ రేపొచ్చి పలకలు వేస్తాడు గానీ, నువ్వా శాంపిల్ ముక్కలు దారిలో షాపులో ఇచ్చేసి పో నాయనా!"