ముందు ప్యాసింజర్, తర్వాత బస్సు

రోడ్డుకు అడ్డంగా టేకు దుంగ పడి ఉంది. చూడగానే డ్రైవర్ భీమయ్య బ్రేకు మీద కాలేశాడు. కండక్టర్ హెప్సిబా ముందుకొచ్చి అద్దంలోంచి తొంగి చూసింది.

గాలికి చెట్లు పడవా? పడతాయి. కానీ గాలికి పడిన చెట్టుకు గొడ్డలి గాట్లుండవు.

"అన్నల బంద్ రేపటి నుంచి కదా, ఈ ఒక్క ట్రిప్పు కొట్టుకొచ్చేయండి" అని డిపోలో పంపించారు. తుపాకుల అన్నలకు క్యాలెండరు ఎవరిచ్చారో మరి, ఒకరోజు ముందే వచ్చేశారు.

పొదల్లోంచి అయిదారుగురు బయటికొచ్చారు. ఆకుపచ్చ బట్టలు, భుజాలకు తుపాకులు. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా.

"అందరు దిగుండ్రి. బస్సును కాలవెడ్తం. జల్దీ!"

ఇలాంటప్పుడు ఏం చేయాలో డిపోలో మీటింగు పెట్టి మరీ చెప్పారు. ఎదురు మాట్లాడకూడదు. ముందు ప్యాసింజర్, తర్వాత బస్సు. పిల్లల్ని, రోగుల్ని మొదట దించాలి. కండక్టర్ ఆఖర్న దిగాలి. ఫ్యాను కింద కూర్చుని చెప్పడానికేం, ఎన్నైనా చెప్తారు. ఇక్కడ హెప్సిబాకు ఇల్లు గుర్తొచ్చింది. 'ప్రభువా, నా పిల్లలు' అనుకుంది. అయినా తలుపు తీసి ఒక్కొక్కరినీ దించింది. మూటలు దిగాయి, కోడిపుంజు దిగింది, చంటిపిల్ల తల్లి దిగింది. ఎవరూ ఏడవడం లేదు. ఏడిస్తే ఏమవుతుందోనని భయం.

వెనక సీట్లో ముగ్గురు మాత్రం కదల్లేదు.

భద్రాచలంలో ఎక్కారు వాళ్లు. వాళ్లది జూలూరుపాడు దగ్గర తండా. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన బద్యా. భార్య హేమ్లి, ఆమె తమ్ముడు ధన్‌సింగ్ చెరో రెక్కా పట్టి ఎక్కించారు. "దవాఖానా నుంచి ఇంటికి తోల్కపోతున్నం చెల్లె" అంది హేమ్లి టికెట్లు తీసుకుంటూ. పెద్దాయనకు మెడదాకా దుప్పటి కప్పారు. పంటినొప్పి ఉన్నవాళ్లు కట్టుకున్నట్టు గడ్డం కిందుగా తలకు తువాలు కట్టారు. దారి పొడుగునా హేమ్లి కొంగుతో ఆయన మొహం మీద ఈగలు తోలుతూనే ఉంది. ముందు సీటావిడ మజ్జిగ ఇవ్వబోతే, నిద్రపోతున్నాడని వద్దంది.

హెప్సిబా పరుగున వెళ్లింది.

"అక్కా, లేపు మీ ఆయనను. నేనొక చెయ్యి పడుత."

హేమ్లి ఆమె చేతిని తోసేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక్కడున్న అందరి భయం ఒక ఎత్తు, ఆమె భయం ఒక ఎత్తులా ఉంది.

"ఏందక్కడ లేటు?" అంటూ నాయకుడు బస్సెక్కాడు. అతని వెనకే డబ్బా వాడు. కిరసనాయిలు వాసన గుప్పుమంది.

"నడవలేడన్నా..." అన్నాడు ధన్‌సింగ్. బావ మీది దుప్పటిని ఇంకాస్త పైకి లాగాడు.

"మోసుకపోయి చెట్టు కింద పండవెట్టుండ్రి."

ఎదురు మాట్లాడకూడదని హెప్సిబాకు తెలుసు. కానీ బయట ఎండ మండిపోతోంది. దగ్గరలో ఊరు లేదు. బంద్ కదా, రేపు కూడా ఇటు బస్సు రాదు. ఈ మనిషి ఈ అడవిలో తన కళ్లముందే పోతే? ఆ భయం ముందు తుపాకీ భయం చిన్నదైపోయింది.

"అన్నా, నీకు దండం పెడ్త" అంది. "ఈ ఎండల దించితే ఈయన బతకడు. బస్సు పోతే ఇంకో బస్సొస్తది, మనిషి పోతే వస్తడా? గరీబోళ్ల కోసమే తుపాకి పట్టినమంటరు గదా. ఈయనకన్న గరీబెవరు?"

అనేశాక, ఇంత మాటన్నది తన నోరేనా అని ఆమెకే అనుమానమొచ్చింది. గట్టిగా కళ్లు మూసుకుంది.

తుపాకీ పేలలేదు. కళ్లు తెరిచేసరికి నాయకుడు జ్వరం చూద్దామని బద్యా నుదుటి మీదికి చెయ్యి చాపుతున్నాడు.

"ముట్టకు!" హేమ్లి కేక పెట్టింది. "అంటురోగం బిడ్డా, ముట్టకు!"

చాపిన చెయ్యి ఠక్కున వెనక్కి పోయింది. తుపాకీ ఉన్నవాడికైనా రోగమంటే భయమే.

అతను హేమ్లి వైపు చూశాడు. ఆమె మొగుణ్ణి గుండెకు అదుముకుని వదలడం లేదు.

"దుంగ తియ్యుండ్రి" అన్నాడు చివరికి. "డ్రైవరూ, మధ్యల యాడ ఆపకు. సీదా కొత్తగూడెం దవాఖానాకు పో. ఈయన పానం దక్కాలె. ఇంకోపారి గిట్ల బస్సు తెస్తే మాత్రం ఊకోం."

బతుకు జీవుడా అనుకుంటూ జనం తోసుకుని ఎక్కారు. భీమయ్య చెమటైనా తుడుచుకోలేదు. గుంతలు చూడలేదు, మలుపులు చూడలేదు. అడవి దాటాక గానీ ఎవరికీ ఊపిరాడలేదు. ఏడుపులు కూడా అప్పుడే మొదలయ్యాయి.

"ఈయన పుణ్యాన బతికినం" అంటూ చంటిపిల్ల తల్లి లేచి, బద్యాకు దూరం నుంచే దండం పెట్టింది.

అంటురోగమని గుర్తున్నా హెప్సిబా వెళ్లి హేమ్లి పక్కనే కూలబడింది.

"ఇగ భయపడకక్కా. అర్ధగంటల దవాఖానాల ఉంటం. మీ ఆయనకు ఏం గాదు, నాది పూచీ."

ఆ మాటతో హేమ్లి ఇంతసేపూ బిగబట్టుకున్నదంతా తెగిపోయింది. కండక్టర్ రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

"దవాఖానా వద్దు చెల్లె, సీదా మా తండాకే పోనియ్యి, పీనుగంటే బస్సెక్కనియ్యరని దుప్పటి కప్పి కూసోవెట్టుకొచ్చిన గని, ఈయన పొద్దుగాలనే పోయిండు."