ఏటి దారికి తాళం

"తాళం తీయండి!" అంటూ ఆ అమ్మాయి ఇనుప గేటును రెండు చేతులా పట్టుకుని ఊపింది. గొలుసు గలగలమంది గానీ గేటు కదల్లేదు.

"ఊపమ్మా, ఊపు. చేతులు బొబ్బలెక్కితే కట్టు నువ్వే కట్టుకోవచ్చు, నర్సువేగా!" అన్నాడు గేటుకు అవతల నిలబడ్డ మేడాయన. ఏటి గట్టున కొత్తగా మేడ కట్టి, గట్టు వెంట పోయే కాలిబాటను పదిహేను రోజుల కిందట ఈ గేటుతో మూసింది ఆయనే.

విచారణకొచ్చిన అధికారి జీపు ముందు భాగం మీద పటం పరిచి, అది ఎగిరిపోకుండా మోచెయ్యి ఆనించాడు.

"అరుపులొద్దు. నిబంధన ఒకటే. పన్నెండేళ్లు ఎవరూ అడ్డు చెప్పకుండా జనం నడిచిన దారయితే అది జనానిదే. గేటు తీయించేస్తాను. ఎవరు నడిచారు?"

"నేను. ఒకటో తరగతి నుంచి. అప్పుడు బడికి, ఇప్పుడు ఆస్పత్రికి. పదహారేళ్లు, రోజూ."

"ఒక్క మనిషి నడిస్తే అది దారి కాదు సార్, అలవాటు," అని నవ్వాడు మేడాయన.

అధికారికి ఆ నవ్వు నచ్చలేదు గానీ కాదనలేకపోయాడు. "కనీసం ఇద్దరుండాలమ్మా. రెండో మనిషి ఎవరు?"

అమ్మాయి వెనక చేరిన వాళ్ల వైపు తిరిగింది. ఇస్త్రీ బండి ఆవిడకు ఉన్నట్టుండి మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చి కూలబడింది. చేపలాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. గేటు పడేదాకా ఇద్దరూ ఆ దారినే పోయారు. ఇద్దరూ అద్దెకుండేది మేడాయన ఇళ్లలోనే.

"బాబాయ్, వల భుజానేసుకుని రోజూ నాకు ఎదురొచ్చేవాడివి కాదూ? చెప్పు!"

"నాకేం గుర్తులేదమ్మా."

"వలన్నా గుర్తుందా?"

"నన్నెందుకు లాగుతావు తల్లీ? మీ అమ్మనడుగు, పో," అన్నాడు చేపలాయన విసురుగా.

"మా అమ్మనా! బకెట్లో నీళ్లు నిండుగా ఉంటే రెండడుగులు వెనక్కి జరిగే మనిషిని!"

ఆ మాట పూర్తి కాకముందే తల్లి రానే వచ్చింది. పిండి చేతులైనా కడుక్కోలేదు. వస్తూనే కూతురి మణికట్టు పట్టుకుంది.

"నడు ఇంటికి. పెద్దోళ్లతో మనకెందుకే తగువు? ఇవాళ గేటంటావు, రేపు నీ ఉద్యోగం తీయిస్తారు, ఎల్లుండి ఇంటి మీదికి మనుషుల్ని పంపుతారు, ఆ పైన..."

"ఆ పైన ఆకాశం ఊడి పడుతుంది. చెయ్యి వదులమ్మా! నా వెంట పడొద్దని ఒకటో తరగతి రెండో రోజే నీ చేత ఒట్టు వేయించుకున్నానా లేదా? మళ్లీ ఎందుకొచ్చావు?"

"పక్కింటావిడ చెబితే వచ్చాను. నీ వెంట వచ్చానా ఏంటి?"

"పెద్ద రోడ్డు మీద పోతే లారీలమ్మా! సోమవారం ఒకటి నా సంచి తెంపుకుపోయింది. నీకు చెప్పలేదు, చెబితే వారం రోజులు అన్నం మానేస్తావని."

"తెలుసు," అంది తల్లి చిన్నగా. కోపంలో ఉన్న కూతురు ఆ మాట వినిపించుకోలేదు.

మేడాయన గేటు ఊచల మధ్య నుంచి వేలు పెట్టి చూపించాడు. "విన్నారుగా సార్. కన్నతల్లే వద్దంటోంది. ఏరంటే ఈవిడకి ప్రాణభయమని అందరికీ తెలుసు. ఈవిడ పిల్లను ఒంటరిగా ఇటు పంపిందంటే నమ్మమంటారా? ఒకవేళ ఆ అమ్మాయి తిరిగిందే అనుకోండి. వయసొచ్చిన ఆడపిల్ల, రోజూ, ఒంటరిగా, ఏటి గట్టున... అది బడికీ కాదు, ఆస్పత్రికీ కాదు. ఎవడి కోసమో!"

తల్లి పట్టు వదిలింది. కూతురి మణికట్టు మీద పిండి గుర్తులు అయిదు వేళ్లవీ మిగిలాయి.

"ఏమన్నావు?" అంది. ఇంతకుముందు ఆమె ఆయన ముందు తలెత్తింది లేదు.

"ఉన్న మాటే అన్నాను."

"నోరు కడుక్కో. పక్కనే ఏరుంది, ముందు వెళ్లి నోరు కడుక్కో!"

"అమ్మా, ఊరుకో," అంది కూతురు కంగారుగా.

"ఊరుకునే నీ మీద ఇంత మాట పడనిచ్చాను. సార్, రాసుకోండి. ఆ గేటు దాటాక పాత పంపు గది ఉంటుంది. దాని వెనక మూడు రాతి మెట్లు. మూడోది కాలు పెడితే ఊగుతుంది. ఇది ఆరో తరగతిలో ఉండగా దాని మీదే జారి మోకాలు చీల్చుకుంది. ఇంటికొచ్చి బడిలో ఆటల్లో పడ్డానని చెప్పింది. మెట్లు దిగాక వంగిన చింతచెట్టు. పరీక్ష పోయిన రోజు దాని కింద కూర్చుని గంటసేపు ఏడ్చింది. ఏరు పొంగిన ఏడాది అక్కడిదాకా వెళ్లి, నీళ్లు చూసి వెనక్కొచ్చింది. తాళం తీయించి చూసుకోండి, ఒక్క మాట తప్పయితే నన్ను అడగండి."

అధికారి కలం ఆగింది. చేపలాయన మొదటిసారి తలెత్తాడు.

కూతురు తల్లి భుజం పట్టుకుని తన వైపు తిప్పబోయింది. "అమ్మా, ఇవేవీ నేను ఎవరికీ చెప్పలేదు. అక్కడ పురుగు కూడా లేదు. నీకెలా తెలుసు?"

తల్లి కూతురి వైపు చూడలేదు. గేటు అవతలి మనిషి కళ్లలోకే చూస్తూ అంది.

"ఒట్టు తప్పాను సార్, అది కూడా రాసుకోండి: నా కూతురు ఈ దారిన ఒక్క రోజు కూడా ఒంటరిగా నడవలేదు, పదహారేళ్లుగా దానికి ముప్పై అడుగుల వెనక, చెట్ల చాటున, రెండో మనిషిని నేనే."