వరహాలమ్మ మొక్కు

"నా బూట్లు ఎక్కడ పెట్టారు?"

దేవిశ్రీ మంచం కింద వెతికింది, బీరువా వెనక వెతికింది, ఆఖరికి బియ్యం డబ్బా మూత కూడా తీసి చూసింది. దువ్వాడలో ఉన్నదే రెండు గదుల ఇల్లు, అందులో దాచడానికి చోటెక్కడుందని!

మొగుడు ఉదయ్‌కుమార్ అన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. "అమ్మ దాసేసింది. నానే సెప్పాను."

"మీరే సెప్పారా? రేపు నాను ముప్పై రెండు కిలోమీటర్లు పరిగెట్టాల. అది కాకపోతే మూడు వారాల్లో మారథాన్‌కి ఏ మొహం పెట్టుకుని ఎల్లాల?"

"ఎల్లొద్దు. స్టీలు ప్లాంటులో మా సెక్షనోళ్లు ఏటంతన్నారో తెలుసా? మీ ఆవిడ రోడ్డు మీద ఎవడ్ని తరుముతంది బావా అని ఒకటే నవ్వులు."

"నవ్వినోడి పళ్లు రాలగొట్టడం మానేసి నా బూట్లు దాయించారా!"

నిజం చెప్పాలంటే ఆ వారం దేవిశ్రీకే విసుగు పుట్టింది. కాలి బొటనవేలి గోరు నల్లబడింది. మోకాళ్లు మెట్లెక్కనంటున్నాయి. గురువారం పొద్దున అలారం మోగితే, ఇక నా వల్ల కాదు, ఈ గోల ఇంతటితో సరి అని ముసుగుతన్ని పడుకుంది కూడా. కానీ తనంతట తాను మానుకోవడం వేరు, ఇంకొకరు మానిపించడం వేరు. ఇప్పుడు చచ్చినా మానదు.

"అత్తా, బూట్లు తియ్యి!" అని వంటింటి వైపు అరిచింది.

వరహాలమ్మ చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తియ్యను. రేపు నీకు పరుగు నేదు. ఆషాఢ పున్నమికి నాను కొండ సుట్టూ తిరగనేకపోయాను. సింహాద్రి అప్పన్న మొక్కు ఉండిపోయింది. రేపు తిరగాల. నువ్వు తోడు రావాల."

దేవిశ్రీకి ఒళ్లు మండిపోయింది. సింహాచలం కొండ చుట్టూ ప్రదక్షిణ అన్నా ముప్పై రెండు కిలోమీటర్లే. కానీ ఈవిడతో అడుగులో అడుగేసుకుంటూ తిరిగేసరికి చీకటి పడుతుంది. కాళ్లు పీకడమే మిగులుతుంది, పరుగు మాత్రం పోయినట్టే.

"సూడండి మీ అమ్మని!" అంది మొగుడితో.

"మొక్కు కదే. దేవుడి పని కాదంటామేటి?" ఉదయ్‌కుమార్ నవ్వు దాచుకోలేదు. "నాకు పొద్దున్నే డ్యూటీ. మీరిద్దరూ ఆటోలో పొండి."

ఆ నవ్వు చూసి కంచం లాగేద్దామన్నంత కోపం వచ్చింది ఆమెకి.

తెల్లారేసరికి తొలిపావంచా దగ్గర ఆటో దిగారు. కొండకి అది మొదటి మెట్టు, ప్రదక్షిణ మొదలయ్యేదీ ముగిసేదీ అక్కడే. వరహాలమ్మ దిగీ దిగగానే మెట్టు మీద చతికిలబడింది.

"నా మోకాళ్లు పట్టేసినాయే. నడవనేను. నా బదులు నువ్వు తిరిగొచ్చెయ్."

"ఏటీ!"

"నువ్వొచ్చి ఇక్కడ కాయ కొట్టించేదాకా నాను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. అదీ మొక్కు."

"నీకసలే షుగరు! ఎండెక్కితే పడిపోతావు. సచ్చిపోదామనుకుంటన్నావేటి?"

"అయితే బేగి రా."

వరహాలమ్మ సంచిలోంచి కొబ్బరికాయ తీసి పక్కన పెట్టుకుంది. తర్వాత అడుగునుంచి బూట్లు లాగి కోడలి ముందు పడేసింది. "గాజుపెంకు దిగి సగంలో ఆగిపోతే నా మొక్కు సెడిపోద్ది. ఏసుకో."

దేవిశ్రీ చున్నీ నడుముకి బిగించింది. తిట్టుకుంటూనే లేసులు కట్టుకుని పరుగందుకుంది.

హనుమంతవాక దాటేదాకా అత్తని తిట్టింది. అప్పుఘర్ దగ్గర సముద్రపు గాలి తగిలినా చల్లబడలేదు, అక్కడ మొగుడి వంతు వచ్చింది. సీతమ్మధారలో, పేర్లు తెలియకపోయినా, ప్లాంటులో నవ్విన ప్రతివాడినీ వాళ్ల తాతలతో సహా కడిగేసింది. మాధవధార దాటేసరికి తిట్లు అయిపోయాయి. తొడలు కొయ్యబారిపోయాయి. పోయిన రెండు ఆదివారాలూ ఇంత దూరం కూడా రాకుండానే ఓడిపోయి ఆటో ఎక్కి ఇంటికెళ్లింది. ఇవాళా గోపాలపట్నం బజారులో ఒక ఆటో పక్కకొచ్చి ఆగింది. "ఎక్కుతావేటమ్మా?"

ఎక్కేసేదే. కానీ అక్కడ ఆ మొండి మనిషి గొంతు తడుపుకోకుండా కూర్చుని ఉందాయె!

"తప్పుకో!" అని ఆటోవాడి మీద అరిచి, పళ్లు బిగించి పరిగెత్తింది.

తొలిపావంచా చేరేసరికి ఎండ మాడుస్తోంది. దేవిశ్రీ మోకాళ్ల మీద చేతులు ఆన్చి రొప్పింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నడవలేదు. ఆ సంగతి తలుచుకుని మురిసే తీరిక కూడా లేదు.

"కొట్టు కాయ! కొట్టి ముందు నీళ్లు తాగు!"

వరహాలమ్మ లేచి కాయ కొట్టింది. కొండ వైపు తిరిగి టపటపా లెంపలు వేసుకుంది. ఒకటీ రెండూ కాదు, బుగ్గలు కందిపోయేదాకా వాయించుకుంది. అప్పుడు నీళ్ల సీసా తీసి కోడలి చేతిలో పెట్టింది.

"నాకెందుకు? నువ్వు తాగత్తా, కళ్లు తిరుగుతాయి."

"నానెప్పుడో తాగాను. నాలుగిడ్లీ తిని టీ కూడా తాగాను."

దేవిశ్రీ కళ్లు నిప్పులు కురిశాయి. "మొక్కు తీరకుండానే తినేసావా? నీకేటైపోద్దోనని నాను గుండె పగిలేలా పరిగెట్టుకొస్తే..."

"మొక్కూ నేదు, గిక్కూ నేదే పిల్లా! నా కొడుకు నిన్ను గడప దాటనివ్వాలని అప్పన్న పేరు సెప్పి అబద్ధమాడాను, మరి లెంపలేసుకోవద్దేటి?"