ముందు వరుసలో రెండు కుర్చీలు

పిలువని పిలుపును సైతం ఆలకించే శేషాచలవాసునికి ముందుగా నమస్కారం. ఆ స్వామి దయవల్ల ఈ చిన్న కథ నిర్విఘ్నంగా సాగుగాక.

“అన్నా! ముందు వరుసలోనే రెండు కుర్చీలు ఏపించినా! వినబడిందా?” అని మునిప్రసాద్ అరిచాడు.

పరంధామయ్య చెవి వెనుక అరచేయి ఆనించాడు. “నాకెందుకప్పా చెప్తావు? మా ఆమెకేసి తిరిగి గట్టిగా చెప్పు. నాకు ఆమె చెప్తాది.”

పలమనేరు సేవాసమితి కార్యదర్శి అయిన మునిప్రసాద్‌కు ఇది అలవాటే. లోకేశ్వరి వైపు తిరిగి అదే మాట మరింత గట్టిగా అరిచాడు. ఆమె నవ్వి, భర్తను చేయి పట్టి కూర్చోబెట్టింది.

“ఈ అన్నతో మాట్లాడి మాట్లాడి నా గొంతే మైకు అయిపోయిందక్కా!”

“మంచిదే కదప్పా. కరెంటు పోయినా సభ ఆగదు,” అన్నది లోకేశ్వరి.

కొంతకాలంగా ఆ దంపతుల వద్దకు ఎవరు వచ్చినా ఇదే వరస. పాలవాడు గాని, పూలమ్మే ఆమె గాని, చుట్టాలు గాని, వారికి ఎదురుగా నిలిచి కేకలు వేయవలసిందే. లేకుంటే పరంధామయ్య ఊరుకోడు.

ఆనాటి సభలో వినికిడి లోపాన్ని గురించి ప్రసంగం. తిరుపతి నుంచి డాక్టరు మహిత వచ్చింది. ప్రసంగం ముగిశాక పక్కగదిలో పరీక్ష. సమితివారు తెప్పించిన వినికిడి యంత్రం ఒక్కటే ఉన్నది. అది పరంధామయ్యకేనని సభ్యులందరి నిశ్చయం. ఒప్పుకోనిది ఆయన ఒక్కడే.

“ఈ పొద్దన్నా సరే అనండి,” అని లోకేశ్వరి ఆయన చెవి దగ్గర బతిమాలింది. “మీరు కాదంటే బంగారుపాళ్యంలో ఎవరో పెద్దాయనకు ఇచ్చేస్తారంట.”

“నాకేం తక్కువే? మొన్న కుక్కరు మాడకముందే పోయి ఆర్పలేదా?”

“అది వాసన పట్టి ఆర్పినారు. చెవులు పోతే ముక్కు పదునెక్కుతాదంట. పక్క గదిలో స్తోత్రం చదువుకుంటా ఉండిన నాకే తెలీలేదు.” ఆమె ఆయన చెవికి మరింత దగ్గరగా జరిగింది. “సాయంత్రం పూట నేను పద్యం చదివితే, కండ్లు మూసుకుని తల ఊపుతా వినేవారు. ఇప్పుడు దిగులుగా నా మొహమే చూస్తా కూర్చుంటారు. ఒక్కసారన్నా మళ్లీ మీరట్ల వినల్లని నా ఆశ.”

పరంధామయ్య ఆమె కొప్పులోని మల్లెచెండు సవరించాడు.

సభ చివర మంగళాశీస్సు పలకడం, సమితి పుట్టిన నాటినుంచి, లోకేశ్వరి వంతు. ఈమధ్య భర్తకు వినబడాలన్న తాపత్రయంతో ఆమె దానిని ఎలుగెత్తి పలుకుతున్నది. శ్రుతి చెదురుతున్నా, ఆ ఇల్లాలి ప్రేమను తలచి ఎవరూ ఏమీ అనలేదు.

మహిత ప్రసంగం మొదలైంది. కిటికీల గుండా పలమనేరు మంచు మెల్లగా లోనికి దిగింది. దీపాలు పాలలో మునిగినట్లున్నవి. పూలరేకుల వలె కదలుతున్న ఆ డాక్టరమ్మ పెదవులనే చూస్తూ, అందిన మాటలను అందినట్లు లోకేశ్వరి భర్త చెవిలో వేస్తున్నది. మాటలు మంచులో తడిసి, ఎక్కడో ఆవలి గట్టునుంచి ఒక్కటొక్కటిగా నడచి వస్తున్నట్లు తోచింది. చిన్ననాడు తంబురాకు చెవి ఆనించి నిద్రపోయిన సాయంకాలాలు ఆమెకు జ్ఞాపకం వచ్చాయి. ఆ నాదమంతా ఎటు పోయింది? వయసు పైబడినకొద్దీ లోకమే మెత్తబడుతుంది కాబోలు. తులసికోట చుట్టూ చేరే పిచ్చుకలు సైతం ఇప్పుడు కలలో పక్షుల వలె నిశ్శబ్దంగా వాలిపోతున్నాయి.

“దయచేసి ఆలస్యం చేయకండి,” అన్నది మహిత. “చెవి వినడం మానిన శబ్దాన్ని కొన్నాళ్లకు మనసు కూడా మరచిపోతుంది.”

ఆ మాటను భర్తకు అందించబోయి లోకేశ్వరి ఆగిపోయింది. అప్పటికే పరంధామయ్య లేచి నిలుచున్నాడు.

“నేనొస్తా తల్లీ పరీక్షకు. అయితే మా ఆమె కూడా లోపలికి రావల్ల. ఇంకెవరూ వద్దు.”

“అబ్బా! పెండ్లికొడుకు ఒప్పుకున్నాడు!” అని మునిప్రసాద్ కేక వేశాడు. సభ అంతా నవ్వింది.

ప్రసంగం ముగియగానే ముగ్గురూ పక్కగదిలోకి వెళ్లారు. తలుపు మూసుకున్నది. బయట అందరూ కాఫీలు తాగి, మళ్లీ కూర్చుని ఎదురుచూశారు. లోపలినుంచి ఒకసారి లోకేశ్వరి వెక్కిళ్లు వినిపించాయి. ఆ తరువాత దంపతుల నవ్వు.

తలుపు తెరచుకున్నది. లోకేశ్వరి కన్నులు తడిగా ఉన్నాయి. కొప్పులోని మల్లెచెండు ఒక పక్కకు జారి ఉన్నది. ఆమె వెనుక పరంధామయ్య తలపాగా సవరించుకుంటూ వచ్చాడు.

“అన్నా! వినబడతా ఉండాదా?” అని మునిప్రసాద్ గొంతు చించుకున్నాడు.

“ఏంటికప్పా అట్ల అరుస్తావు? సన్నంగా మాట్లాడు. అన్నీ వినబడతా ఉండాయి.”

హాలు చప్పట్లతో మారుమోగింది. లోకేశ్వరి ఉలికిపడి, చేతులు గుండెకు చేర్చుకుని, పసిపిల్ల వలె నవ్వింది.

వందన సమర్పణ అయ్యాక ఆమె మంగళాశీస్సుకు లేచింది. ఆనాడు ఎలుగెత్తలేదు. మెల్లగా, శ్రుతిలో, ప్రతి అక్షరాన్నీ తానే మొదటిసారి వింటున్నట్లు పలికింది:

“విన్నవారికి, వినగోరువారికి సకల శుభములు కలుగుగాక. ఏ ఇంటను ప్రియమైన పలుకు దూరము కాకుండుగాక. ఈ మాట ఆలకించిన వారినందరినీ శ్రీనివాసుడు చల్లగా కాచుగాక.”

ముందు వరుసలో పరంధామయ్య కన్నులు మూసుకుని తల ఊపాడు. లోకేశ్వరి సభకు నమస్కరించి తల వంచింది.

ఆమె చెవి వెనుక, మల్లెల చాటున, ఆ ఒక్కగానొక్క వినికిడి యంత్రం మెరిసింది.